ఎవరి నుంచి ఎవరికి



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డాక్టరుగారు జ్వరమని వచ్చినవాళ్లను ముందు రెండు మాటలు అడిగేవారు: “ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఈమధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?”

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో ఇవే ప్రశ్నలు గడప గడపకూ వెళ్లాయి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు ఎండలో మాస్కులు కట్టుకుని తిరిగారు. పక్కన ఎవరు కూర్చున్నారు, ఎంతసేపు, ఒకే గదిలో పడుకున్నారా అని అడిగి రాసుకున్నారు. పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం ఆ వివరాలను పరిశీలించి రాసిన వ్యాసం ఆ ఏడాది సెప్టెంబరు చివర ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. రోగులు 84,965 మంది. వారితో మెలిగినవారు 5,75,071 మంది. ఆ అంకెల వెనక ఉన్న శ్రమకు మనం తగినంత కృతజ్ఞత చెప్పలేదనే నా బాధ.

ఏం తేలింది? 71 శాతం రోగుల విషయంలో, వారితో మెలిగి పరీక్ష చేయించుకున్నవారిలో ఒక్కరికీ వైరస్ కనబడలేదు. కొత్తగా సోకిన కేసుల్లో 60 శాతానికి మూలం కేవలం 8 శాతం మంది రోగులు. పరీక్షలకు అందనివారు కొందరు ఉంటారు నిజమే, అయినా ఇంత తేడాను అదొక్కటే కల్పించలేదు.

ఆ కొద్దిమంది చెడ్డవాళ్లా? కాదు. ఎక్కడ, ఎంతసేపు ఉన్నారన్నది చూడండి. ఇంట్లోవాళ్లకు సోకింది 9 శాతం మేరకు. బయట సమాజంలో 2.6 శాతం. అదే ఒకే వాహనంలో రోగికి దగ్గరగా ఆరు గంటలకు పైగా ప్రయాణించినవారిలో 79 శాతం. ఈ చివరి లెక్క 78 మందిదే కాబట్టి అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ అద్దాలు తెరుచుకోని ఏసీ బస్సును తలుచుకోండి: రాత్రంతా అదే గాలి, భుజానికి భుజం, ముందు సీటులో ఆగని దగ్గు. వయసు కూడా దారి చూపింది. పిల్లల నుంచి పిల్లలకు, పెద్దవాళ్ల నుంచి పెద్దవాళ్లకు, అంటే ఈడువాళ్ల మధ్యే వైరస్ ఎక్కువగా పాకింది.

ఇక ప్రాణం తీసినవి వేరు. చనిపోయినవారిలో 45 శాతానికి షుగరు, 36 శాతానికి బీపీ ఉన్నాయి. సోకినట్టు తేలినవారిలో మరణాల రేటు 5–17 ఏళ్లవారిలో 0.05 శాతం, 85 దాటినవారిలో 16.6 శాతం. రోగిని కుంగదీసే లక్షణాలు ఒకటి, రోగం పాకడానికి దోహదపడే పరిస్థితులు మరొకటి. ఈ రెంటినీ మనం కలగలిపేశాం. షుగరున్న ముసలాయన్ని ఊరికి ప్రమాదమన్నట్టు చూశాం. తలుపుకు కాగితం అంటించాం, వీధికి అడ్డంగా కర్రలు కట్టాం.

దాంతో జనం భయపడ్డారు. కలిసినవాళ్ల పేర్లు చెప్పడం మానేశారు, దగ్గును దాచుకున్నారు. వెలివేతకు భయపడినవాడు ఆరాకు దొరకడు. ఆరా తెగినచోట వైరస్‌కు అడ్డు లేదు.

గొంతులో వైరస్ ఎక్కువగా ఉండేది లక్షణాలు మొదలయ్యే రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే కూలీ పనిలోకి పోతాడు, పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు కనుక. అందుకే ఆ రోజుల కూలి డబ్బు ఇంటికే అందాలని, బస్సుల్లోనూ క్లాసుల్లోనూ గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి చేయాలని ప్రభుత్వాన్ని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను.