ఇల్లు పోయినంత మాత్రాన అప్పు తీరిపోదు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు విలువ గురించి పెద్దలు చెప్పారు. బ్యాంకు కౌంటరు వెనుక ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి కనుక నేను అప్పు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన బరంపురంలోనే ఒకాయన ఇంటి లోను వాయిదాలు కట్టలేక, తాళాలు తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. "ఇల్లు మీరే తీసుకోండి బాబూ, ఇంతటితో మీకూ మాకూ చెల్లు" అన్నాడు. చెల్లు కాదని నాకు తెలుసు. నా సీటు పని కాదని ఊరుకున్నాను. ఇల్లు వేలమయ్యాక, మిగిలిన బాకీ కట్టమని ఆయనకూ, జామీను సంతకం పెట్టిన బావమరిదికీ నోటీసులు వెళ్లాయి. ఆ బావమరిది కూతురు కాలేజీ మానేసింది. ఆనాడు నోరు విప్పనందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు ముందు 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ తరువాత ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. వచ్చిన సొమ్ములో ముందు ఖర్చులు, తరువాత బాకీ జమ చేసుకుంటారు. ఇంకా మిగిలితే మనకు ఇవ్వాలి. మరి చాలకపోతే? బాకీ 18 లక్షలు, వేలంలో వచ్చింది 13 లక్షలు, ఖర్చులు 50 వేలు అనుకోండి. ఇంకా 5 లక్షల 50 వేలు మన నెత్తినే ఉంటుంది. దానికి బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. 2018 నుంచి 20 లక్షలు, ఆపైన ఉన్న బాకీలు కటక్‌లోని ఋణ వసూలు ట్రిబ్యునలుకు వెళతాయి. జామీనుదారుడి బాధ్యత కూడా అప్పు తీసుకున్నవాడితో సమానమే. "ముందు అతన్ని అడగండి" అంటే కుదరదు.

నోటీసు రాగానే అభ్యంతరాలు రాసి ఇవ్వండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోగా మనమే ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. అంతకన్నా మేలు, కట్టలేమని తెలిసిననాడే బ్యాంకుతో మాట్లాడి, వారి అనుమతితో ఇంటిని మనమే మంచి ధరకు అమ్ముకోవడం. రాజీ కుదిరితే, ఇక బాకీ లేదనే కాగితం తప్పక తీసుకోండి.

పిల్లలారా, మనలో చాలా ఇళ్లలో ఇంగ్లీషు నోటీసు చదివి చెప్పగలిగిన మొదటి తరం మీరే. ఆ కవరును విప్పకుండా బీరువాలో పెట్టనివ్వకండి.