సామెత ఎవరికి, ఎప్పుడు?



సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు అన్నారు మన పెద్దలు. ఈ సంపదను ఒక దొర కూడ గుర్తించెను. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో మద్రాసులో మన సామెతలను ఇంగ్లీషు అర్థములతో అచ్చు వేయించి, పలుచోట్ల వాటి ప్రక్కన తన భాషలోని సామెతలను ఉంచెను.

ఆ రెంటిని పోల్చి చూచిన, భాషలు వేరైనను బ్రదుకు ఒక్కటేనని తెలియును. ఎండ ఉండగనే గడ్డి ఎండబెట్టుకొమ్మని ఇంగ్లీషు రైతు అన్నాడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మని మన అవ్వ అన్నది. అక్కడ ఎండ కరువు. కోసిన గడ్డి తడిసినయెడల చలికాలములో పశువులకు మేత లేదు. ఇక్కడ దీపములో చమురు కరువు. ఎవరికి ఏది కొరతయో, వారి సామెత దానినిబట్టియే పుట్టినది.

అయితే సామెతలు ఒకదానినొకటి కాదనుటయు కలదు. దూకకముందు చూడుమని ఒక ఇంగ్లీషు సామెత. తటపటాయించువాడు చెడునని మరియొకటి. మనకును నిదానమే ప్రధానమనునది ఒకటి, ఆలస్యము అమృతము విషమనునది ఒకటి. సామెతల గ్రంథము 26వ అధ్యాయము 4, 5 వచనములు చూడుడి. మూర్ఖునికి జవాబియ్యవద్దని ఒకటి, ఇయ్యుమని దాని వెంటనే మరియొకటి. ఏ వేళకు ఏది తగునో ఎరుగుటయే జ్ఞానము.

ఉన్న గుడ్డను బట్టి కోటు కత్తిరించుకొమ్మని ఇంకొక ఇంగ్లీషు సామెత గలదు. అప్పు చేసి ఆర్భాటముగా పెండ్లి చేయువానికి అది మంచి మందు. కాని మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల సంగతి తలంచుడి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనే వానలు లేక చేలు ఎండిన ఏండ్లు గలవు. అట్టి ఏండ్లలో మేస్త్రీ యొద్ద అడ్వాన్సు తీసికొని, పిల్లలను వెంటబెట్టుకొని దూరపు ఆనకట్టల పనులకు పోయిన పాలమూరు కూలీలు ఎందరో! వారి యొద్ద గుడ్డయే లేదు, కోటు మాట ఎందుకు? వారికి ఆ సామెత చెప్పుట బుద్ధి చెప్పుట కాదు, పుండు మీద కారము చల్లుట.

కాబట్టి ఆ సామెతను ముందు మనకే చెప్పుకొందము. మన ఇంటి పెండ్లి విందులో రెండు వంటకములు తగ్గించి, ఆ సొమ్ముతో వలస పోవు కుటుంబములోని ఒక బిడ్డనైనను బడిలో నిలుపుదము. అప్పుడు ఆ సామెత మన నోట శోభించును.