పరాయి దేశపు తలుపులు

(శతవార్షికోత్సవ సభలలో ఒక సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



పరదేశములో మిషనెరీ యొక్క అనుదిన విశ్వాస జీవితమును గూర్చి మాట్లాడవలెనని నన్ను కోరారు. ఈ అంశమునకు నాకంటె తగినవారు వేదిక మీదనే ఉన్నారు. అయినను ఒప్పుకొన్నాను; కారణమున్నది. క్రిందటి మే నెలలో ఒక మధ్యాహ్నము, తెల్లచొక్కాలు తొడుక్కొని, టైలు కట్టుకొని, జేబుమీద నల్లని పేరుబిళ్ళలు పెట్టుకొన్న ఇద్దరు యువకులు మా పాస్టరుగారి బంగళా వసారాలో కూర్చుండి మజ్జిగ త్రాగుచుండగా మన సంఘస్థులు కొందరు చూచారు. వారు మోర్మోను మిషనెరీలు. ఆ ఆదివారము ఆరాధన ముగియగానే ఒక పెద్దాయన నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, తోడేలును మీరే ఇంటికి పిలిచి మజ్జిగ పోస్తే, మందను గూర్చి మేమెవరితో చెప్పుకోవాలండీ?" అని అడిగారు. నేను నవ్వి ఊరకున్నాను. నవ్వి తప్పించుకొనదగిన ప్రశ్న కాదది. దానికి జవాబు చెప్పవలెనంటే లాంకషైరు వరకు వెళ్ళవలసియున్నది.

2013 నుండి 2015 వరకు రెండు సంవత్సరములు, ఇంగ్లండు దేశములోని ఒక భాగస్వామ్య సంఘమునకు నన్ను పంపారు. ప్రెస్టన్ పట్టణమునకు చేరువలో ఒకప్పటి నూలుమిల్లుల ఊరు. మిల్లులు ఏనాడో మూతపడ్డవి. నాలుగు వందలమంది కూర్చుండదగిన దేవాలయములో, నేను మొదటి ఆదివారము పుల్పిట్ ఎక్కి చూస్తే పదునేడుగురున్నారు. వారిలో పదుగురు డెబ్బది దాటినవారు. మన దేశమునకు సువార్త పంపిన దేశమునకు నేను సువార్తికుడనై వెళ్ళుచున్నానని మీరంతా దండలు వేసి సాగనంపారు, జ్ఞాపకమున్నదా? ఆ దండల గర్వము ఆ పదునేడుగురిని చూచిన క్షణముననే దిగిపోయింది.

అక్కడ నన్ను అన్నిటికంటె భయపెట్టినది చలి కాదు, మూసియున్న తలుపు. మన ఊళ్ళలో గృహ దర్శనమునకు వెళితే తలుపు తీసే ఉంటుంది. "అమ్మా, ఉన్నారా?" అంటూ లోపలికి అడుగుపెట్టుదుము, మనము కూర్చొనకముందే మంచినీళ్ళ గ్లాసు వస్తుంది. అక్కడ వీధి పొడుగునా ఒకదానికొకటి అంటుకొన్న ఇండ్లు, మెట్టు దిగితే వీధియే, ప్రతి తలుపూ మూసియుండును. గంట నొక్కి నిలుచుంటే లోపల టెలివిజను శబ్దము తగ్గుతుంది. అడుగుల చప్పుడు వస్తుంది, ఆగుతుంది, మరల వెనుకకు పోతుంది. ఒక ఇంటిలోనుండి, ఉత్తరములు వేసే సందులోగుండా, "ఈ రోజు ఏమీ కొనము" అని జవాబు వచ్చింది! నన్ను దుప్పట్లు అమ్మువాడనుకొన్నారు కాబోలు. వేదాంత కళాశాలలో గ్రీకు నేర్పారు, ప్రసంగ శాస్త్రము నేర్పారు. మూసిన తలుపు ఎదుట నిలుచుండి, మరల ప్రక్క తలుపు దగ్గరకు ఎట్లు నడువవలెనో ఎవరును నేర్పలేదు.

అటువంటి అక్టోబరు దినములలో ఒక సాయంకాలము మా తలుపునే ఎవరో తట్టారు. ఇద్దరు అమెరికా కుర్రవాళ్ళు, ఒకనికి ఇరువది ఏండ్లు, మరియొకనికి పందొమ్మిది. బిళ్ళమీద 'ఎల్డర్' అని ఉన్నది. మన సంఘములలో పెద్ద అనిపించుకొనవలెనంటే మీసము నెరియవలెను గదా. వీరికి మీసమే సరిగా రాలేదు. ఆ ప్రాంతము వారికి చిన్నది కాదు. 1837వ సంవత్సరము జూలైలో హీబర్ కింబాల్ మొదలైన వారి తొలి మిషనెరీలు అమెరికానుండి ప్రెస్టన్‌కు వచ్చి, ఆ నెల 30వ తేదీన రిబుల్ నదిలో తొమ్మండుగురికి బాప్తిస్మమిచ్చారు. మొదటివాడెవరో తేల్చుకొనుటకు ఇద్దరు మనుష్యులు నది ఒడ్డుకు పరుగుపందెము పెట్టుకొన్నారట. చోర్లీ అనే ఊరిలో వారి దేవాలయము 1998లో ప్రతిష్ఠింపబడింది. దాని ఆవరణలోనే మిషనెరీలకు శిక్షణాలయమున్నది.

ఆ దినము నేను చేసినదేమి? లోపలికి రమ్మన్నాను, నిజమే. కాని అలసిన మనుష్యులని పిలువలేదు, దొరికారని పిలిచాను. త్రిత్వమును గూర్చి, బైబిలుతో సమానముగా వారు చదువు మోర్మోను గ్రంథమును గూర్చి, గంటసేపు వారిని నిలువనీయలేదు. ఒక్కొక్క వాక్యమునకు రెండేసి వాక్యములు చూపించాను. చిన్నవాడు తన పుస్తకములో పేజీలు త్రిప్పుచు త్రిప్పుచు ఆపివేసి, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. వారు వెళ్ళిన తరువాత నా భార్య వంటగదిలోనుండి వచ్చి, "గెలిచారా?" అని అడిగింది. ఆ తరువాత, "పిల్లవాడు నిలువునా తడిసి వచ్చాడు. తల తుడుచుకొనుటకు తువ్వాలైనా ఇయ్యలేదు మీరు" అన్నది. ఆమె టీ ఇయ్యబోయిందట. వారు టీ కాఫీలు ముట్టరు గనుక వద్దన్నారట. నాకా సంగతియే తెలియదు. నా వాదములో నేనున్నాను.

తరువాతి వారములో ఒక వీధిలో ఎడమ ప్రక్క నేను, కుడి ప్రక్క వారు తలుపులు తట్టుచు ఎదురుపడ్డాము. నాకు తలుపు తీయలేదు, వారికీ తీయలేదు. చిన్నవాడు వీధి ఆవలినుండి చెయ్యి ఊపాడు. నేనును ఊపాను. ఏమి చేయను చెప్పండి! అక్కడినుండి స్నేహమైంది. వారి దినచర్య అప్పుడే తెలిసింది. ఉదయము ఆరున్నరకు లేచుట, రాత్రి పదిన్నరకు దీపము ఆర్పుట, నడుమ చదువు, ప్రార్థన, తలుపులు. ఇద్దరిలో ఎవరును ఒంటరిగా వీధిలోనికి వెళ్ళకూడదు. రెండు సంవత్సరములపాటు జీతము లేదు. ఖర్చు తామో తల్లిదండ్రులో పెట్టుకొనవలెను. పెద్దవాడు ఐడహో రాష్ట్రములో పశువుల కొట్టములో పనిచేసి కూడబెట్టుకొని వచ్చాడు. ఇంటికి వారమునకొక ఈమెయిలు. టెలిఫోను మాత్రము సంవత్సరమునకు రెండుమారులే, క్రిస్మసుకును, అమెరికావారి మాతృదినోత్సవమునకును. ఈ కట్టడి 2019 ఫిబ్రవరిలో సడలింది. ఇప్పుడు వారము వారము మాట్లాడవచ్చును. మా సంఘములో ఎనుబది దాటిన ఒక అమ్మగారి ఇంటి కంచె మొక్కలను ఆ శీతాకాలములో కత్తిరించి పెట్టినవారు వీరే. ఆమె వారి సంఘములో చేరలేదు, వారు రమ్మని పీడించనూ లేదు.

2014 ఫిబ్రవరి. ఆ నెలంతా గాలివానలు. శనివారము సాయంకాలము మా తమ్ముడు ఫోను చేశాడు. అమ్మ చనిపోయింది. మా పల్లెలో మరునాడు సాయంకాలమునకు మించి ఉంచరు. మాంచెస్టరులో విమానమెక్కి, దుబాయిలో దిగి, మరల ఎక్కి, హైదరాబాదునుండి ఆరు గంటల బస్సు ప్రయాణము. ఎట్లు లెక్క చూచినను అందదు. ఆదివారము పదిన్నరకు నేను పుల్పిట్ ఎక్కి మొదటి కీర్తన ప్రకటించినప్పుడు ఇక్కడ సాయంకాలము నాలుగు గంటలు. అమ్మను సమాధి తోటకు మోసికొని పోవుచున్నారు. నోటితో ఆరాధన నడిపించాను. మనస్సు ఎక్కడున్నదో మీరు ఊహించుకొనగలరు. ఈ వారమంతా మనము పూర్వపు మిషనెరీలను గూర్చి వింటున్నాము. రాబర్ట్ నోబుల్ దొరగారు 1841లో మచిలీపట్నము వచ్చి, 1865లో అక్కడనే కన్నుమూయువరకు ఇరువది నాలుగు సంవత్సరములు స్వదేశము తిరిగి చూడలేదని నేనే సండేస్కూలు పిల్లలకు ఎన్నిమారులో చెప్పాను. కథ చెప్పినంత సులువు కాదండీ అది.

ఆ రాత్రి తలుపు తట్టారు. ఆ ఇద్దరే, ఏమియు తెలియక, వీధివెంట పోవుచు పలుకరించి పోదమని వచ్చారు. నా ముఖము చూచి పెద్దవాడు అడిగాడు, చెప్పాను. నా భార్య ఈమారు టీ సంగతి ఎత్తకుండ మిరియాల చారు కాచి గ్లాసులలో పోసి ఇచ్చింది. చిన్నవానికి కన్నులలో నీళ్ళు వచ్చాయి, మిరియాల వలననో మరి దేని వలననో. పెద్దవాడు చాలసేపటికి నోరు తెరచి, తాను ఇంగ్లండు వచ్చిన నాలుగవ నెలలో తన తాతగారు పోయారని, పాలు పితుకుట నేర్పినవాడు ఆయనేనని చెప్పాడు. నీవు వెళ్ళలేదా అని అడిగాను. వెళ్ళలేదు. మరి ఎట్లు తట్టుకొన్నావు? "ఆ రాత్రి ఏడ్చాను. తెల్లవారి మరల తలుపులు తట్టాము. మూడవ ఇంటిలో ఒక ముసలాయన టీ త్రాగుదువా అన్నాడు. నేను త్రాగనని చెప్పి ఆయన ప్రక్కన కూర్చున్నాను" అన్నాడు. అంతే. అంతకు మించి వానికి చెప్పుటకేమియు లేదు.

వెళ్ళుటకు ముందు, "మీకొరకు ప్రార్థన చేయవచ్చునా?" అని అడిగాడు. ఇక్కడ మీతో దాపరికము లేకుండ చెప్పవలెను. నేను వెంటనే సరే అనలేదు. వారి త్రిత్వ బోధ మన విశ్వాస ప్రమాణము కాదు. వారి బాప్తిస్మమును మనము అంగీకరింపము, మన బాప్తిస్మమును వారు అంగీకరింపరు. ఆనాడును నా మనస్సు అదే, ఈనాడును అదే. పైగా వాడు మా అమ్మ పేరు అడిగాడు. మృతుల పక్షముగా బాప్తిస్మము పొందు ఆచారము వారికున్నదని ఎరిగిన నాకు, పేరెందుకు అని ఒక్క క్షణము అనుమానము తోచింది కూడ. వేదాంత కళాశాల అంత త్వరగా మనిషిని విడువదు. అయినను చెప్పాను. వాడు మోకాళ్ళూని, పరలోకపు తండ్రికి మా అమ్మను బట్టి వందనములు చెప్పాడు. ఆమె పేరును రెండుమారులు తప్పుగా పలికాడు. యేసు నామమున ముగించాడు. నేను ఆమేన్ అన్నాను.

శనివారము సాయంకాలమునుండి అప్పటివరకు నేను ఏడ్వలేదు. సంఘకాపరిని గదా, అందరినీ ఓదార్చువాడను. ఆ ఆమేన్ తరువాత ఏడ్చాను.

కొలది వారములలో పెద్దవానిని మరియొక ఊరికి మార్చారు. వాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. నేను మాత్రము మరునాడు సోమవారము గంట నొక్కుటకు వెళ్ళాను. ఉత్తరముల సందులోనుండి జవాబిచ్చిన ఆ ఇంటికే. ఈమారు తలుపు గొలుసు పెట్టుకొని అంగుళము తెరచారు. వేసవి నాటికి గొలుసు తీశారు.

ఇక మజ్జిగ సంగతి. మే నెలలో మన ఊరు వచ్చినవారు అమెరికావారు కారు. హైదరాబాదు, విశాఖపట్నము, రాజమండ్రి వంటి పట్టణములలో వారి సంఘములున్నవి; వచ్చిన ఇద్దరిలో ఒకడు మన తెలుగు బిడ్డయే. ఎండ నడినెత్తిన ఉన్నది. నేను వాక్యము తీయకముందే నా భార్య చెంబుతో వచ్చింది. త్రాగిన తరువాత మాట్లాడుకొన్నాము, త్రిత్వమును గూర్చి కూడ మాట్లాడుకొన్నాము. వారి మాట మీద వారు, నా మాట మీద నేను నిలిచి సెలవు తీసికొన్నాము.

పోవుచు ఆ తెలుగు బిడ్డ, మన కాలువ గట్టు వీధిలో ఒక ఇంటిని గూర్చి చెప్పాడు. "ఆ ఇంటిలోని ముసలమ్మ మీ సంఘ సభ్యురాలేనటండీ, మంచము మీద ఉన్నది, వెళ్ళి చూడండి" అన్నాడు. రిజిస్టరు తీసి చూచాను. పేరున్నది. మనలో ఎవరును ఆమె గడప త్రొక్కి పద్నాలుగు నెలలైంది. కానుక కవరు మాత్రము నెల నెలా పంపుచున్నాము. నన్ను తోడేలును గూర్చి అడిగిన పెద్దాయనకు ఆ పేజీ చూపించాను. ఆయన చాలసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "ఎప్పుడు వెళ్దామండీ?" అన్నారు.

వచ్చే బుధవారము సాయంకాలము అయిదు గంటలకు వెళ్ళుచున్నాము. ఆయనా నేనూ ఒక జత. రిజిస్టరులో అటువంటి ఇండ్లు ఇంకను ముప్పది ఒకటి కనబడినవి. రాదలచినవారు గుడి మెట్ల దగ్గర ఉండండి.