జీతం ఏ తేదీన అందింది?

బ్రిటన్‌లో అంబ్రెల్లా కంపెనీల (కాంట్రాక్టర్లను తమ ఉద్యోగులుగా చూపి జీతమిచ్చే సంస్థల) ద్వారా కాంట్రాక్టు పనులు చేసే తెలుగువారికి ఈ మాట. అక్కడ ఆదాయపు పన్ను లెక్క జీతం చెల్లించిన తేదీని బట్టే ఉంటుంది. పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. మార్చి పనికి డబ్బు ఏప్రిల్ 10న అందితే, అది కొత్త ఏడాది ఆదాయమే. పాత ఏడాదిలో వాడుకోని పన్ను మినహాయింపు ఇక రాదు.

చాలామందికి ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు, అంటే వారానికి సుమారు 242. మామూలు 1257ఎల్ పన్ను కోడ్ ఉంటే, జీతం రాని వారాల మినహాయింపు పోగుపడి తర్వాతి జీతానికి వర్తిస్తుంది. కోడ్ చివర ఎక్స్ ఉంటే ఆ సౌకర్యం ఉండదు. రెండు వారాల సొమ్ము ఒకేసారి వచ్చినా ఒక్క వారం మినహాయింపే ఇస్తే, కోత ఎక్కువ. కష్టార్జితం అలా పోతుంటే బాధేస్తుంది. అందుకే కోడ్ సరిగా పడేలా, కంపెనీలో చేరేటప్పుడే పాత యజమాని ఇచ్చిన పీ45 పత్రం ఇవ్వండి, అది లేకపోతే స్టార్టర్ చెక్‌లిస్ట్ ఫారం జాగ్రత్తగా నింపండి. పేస్లిప్ రాగానే ముందు కోడ్ చూడండి, తేడా ఉంటే వెంటనే పన్ను శాఖకు చెప్పండి.