వేడిమి జమాఖర్చులు



పండుగ వచ్చినచో గోడకు సున్నము వేయుట పల్లెల ఆచారము. ఆ సున్నములోనే రసాయన ఉష్ణగతిక శాస్త్రపు మూలసూత్రములు ఇమిడియున్నవి.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినచో, బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడి సున్నము మిగులును. ఇట్లు మారుటకు 100 గ్రాముల రాయి 178 కిలోజౌళ్ల వేడిమిని పీల్చుకొనును. అరలీటరు చన్నీటిని మరిగించుటకు ఇంచుమించు ఇంత వేడిమియే కావలెను. ఆ వేడిమి ఎచ్చటికి పోయినది? నశింపలేదు. సున్నముపై నీరు పోయగానే అది బుసబుస పొంగి 65 కిలోజౌళ్లను తిరిగి ఇచ్చును. గోడకెక్కిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి మరల రాయి యగును. అప్పుడు తక్కిన 113 కిలోజౌళ్లు వెలువడును. చిరకాలము జరుగు మార్పగుటచే అది చేతికి తెలియదు. 65, 113 కలిపిన 178. చిట్టా సరిపోయినది! ఇదియే శక్తి నిత్యత్వమను మొదటి సూత్రము. చర్య ఏ త్రోవను నడచినను వేడిమి మొత్తము మారదని హెస్ 1840లో చాటెను.

అయినచో వేడిమిని వెడలించు మార్పులే తమంత తాము జరుగునా? కాదు. వేసవిలో కుండనీరు వేడిమిని పీల్చుకొనుచునే ఆవిరియగును; కనుకనే మిగిలిన నీరు చల్లబడును. నీటి అణువులు గాలిలో చెదరుటకు మార్గములు మెండు. ఈ చెదరుటకు కొలతయైన దానికి క్లాసియస్ 1865లో ఎంట్రోపీ యని పేరిడెను. బయటి సంబంధము లేని వ్యవస్థలో అది తరుగదు. ఇది రెండవ సూత్రము. తక్కువ ఉష్ణోగ్రతలో వేడిమి పక్షము, హెచ్చు ఉష్ణోగ్రతలో చెదరుట పక్షము బలపడును. అందుచేతనే బట్టీలో విడిపోయిన రాయి గోడపై మరల కూడుకొనుచున్నది.

ఈ సూత్రములు వైరాకు దూరపు మాటలు కావు. పాల్వంచ వద్ద కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రములో సింగరేణి బొగ్గు కాలుచున్నది. ఇట్టి కేంద్రములలో బొగ్గు వేడిమి విద్యుత్తుగా మారునది సాధారణముగా మూడవవంతు మొదలు ఐదింట రెండు వంతుల వరకే. తక్కినది చల్లబరచు నీటిలోను, పొగగొట్టపు గాలిలోను చెదరిపోవును. అది నశింపకున్నను, మరల పోగుచేసి పని చేయింపవలెనన్న వేరొక శక్తిని వ్యయపరుపవలెను. వేడిమినంతయు పనిగా మార్చు యంత్రము లేదు. ఈ హద్దుకు పునాది వేసినది 1824లో కార్నో వ్రాసిన గ్రంథము.

కోట్ల యేండ్లు భూగర్భమున నిలిచిన బొగ్గు ఒక్కమారే కాలును. అడవినుండి మోసితెచ్చిన కట్టెయు అంతే. శక్తి నశింపదని మొదటి సూత్రము ధైర్యము చెప్పును. దుబారా కూడదని రెండవది హెచ్చరించును. గిన్నెపై మూతపెట్టి, పొయ్యికి గాలి చక్కగా ఆడనిచ్చి, నాలుగు కట్టెలతో కావలసిన వంటను మూడింటితో ముగించు ఇల్లాలు ఈ హెచ్చరికను పాటించుచున్నదియే.