పార్సిల్ మీద పన్ను ఎవరు కట్టాలి?

(రౌస్ హిల్‌లో జరిగిన మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

శనివారం పూట షిఫ్టులు మార్చుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు థ్యాంక్స్. నేను ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. టాక్స్ ఏజెంటును కాను. పోయినేడాది ఇలాంటి సమావేశంలోనే టీ తాగుతూ ఒక తమ్ముడికి తప్పు సలహా ఇచ్చాను. దానివల్ల అతని జేబులోంచి 2,000 డాలర్లు పోయాయి. ఆ తప్పు ఇంకొకరికి జరగకూడదని ఇవాళ మైకు పట్టుకున్నాను.

ముందు కొనేవాళ్ల సంగతి చూద్దాం. ఆస్ట్రేలియాలో జీఎస్టీ 2000 జూలై 1న వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా 10 శాతమే. కానీ బయటి దేశం నుంచి వచ్చే 1,000 డాలర్లలోపు పార్సిల్ మీద చాలా ఏళ్లు ఆ పన్ను పడేది కాదు. ఇక్కడ అద్దె కట్టి, జీతాలిచ్చి షాపు నడిపేవాళ్లు ఇది అన్యాయమని గొడవ పెట్టారు. 2011లో ప్రొడక్టివిటీ కమిషన్ లెక్క వేసి, ఒక్కొక్క చిన్న పార్సిల్‌ను ఆపి పన్ను వసూలు చేస్తే వచ్చే డబ్బు కన్నా ఖర్చే ఎక్కువని తేల్చింది. అందుకని ప్రభుత్వం చివరికి పార్సిల్‌ను వదిలేసి అమ్మేవాణ్ణి పట్టుకుంది.

2018 జూలై 1 నుంచి, ఆస్ట్రేలియా కొనుగోలుదారులకు ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన అమ్మే విదేశీ వ్యాపారి, 1,000 డాలర్లలోపు సరుకు మీద బిల్లులోనే జీఎస్టీ వేసి ఇక్కడి టాక్స్ ఆఫీసుకు కట్టాలి. అమ్మకం పెద్ద ఆన్‌లైన్ మార్కెట్ ద్వారా జరిగితే, చట్టం దృష్టిలో అమ్మినవాడు ఆ మార్కెట్టే. సరుకు మంగళగిరి చీర అయినా, చైనా ఫోన్ కవర్ అయినా అంతే. అప్పట్లో అమెజాన్ ఇది మా వల్ల కాదని ఆస్ట్రేలియా వాళ్లకు అమెరికా సైటులో కొనే వీలు తీసేసింది. కొన్ని నెలలకే, ఆ ఏడాది నవంబరులో, మళ్లీ తెరిచింది. తర్వాత న్యూజిలాండ్ 2019 డిసెంబరులో, బ్రిటన్, యూరప్ దేశాలు 2021లో ఇదే బాట పట్టాయి.

1,000 డాలర్లు దాటిన సరుకు అయితే దారి వేరు. కస్టమ్స్ దగ్గర డిక్లరేషన్ ఇచ్చి, అక్కడే జీఎస్టీ, పడితే సుంకం కట్టాలి. అమ్మ పంపే పార్సిల్ సంగతి చాలామంది అడుగుతారు. అమ్మ మనకు అమ్మడం లేదు కదా, వెయ్యి లోపు అయితే పన్ను గొడవ లేదు. వెయ్యి దాటితే మాత్రం అది కానుకైనా లెక్కలోకి వస్తుంది. విలువ తగ్గించి రాయమని ఊళ్లో వాళ్లకు చెప్పకండి. అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది.

ఇప్పుడు అమ్మేవాళ్ల సంగతి. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆన్‌లైన్ మార్కెట్టే జీఎస్టీ కడుతుందని ఎవరో చెప్పగా విని, మనకు సంబంధం లేదనుకుంటాం. ఆ రూలు బయటి దేశం నుంచి నేరుగా కొనేవాడి ఇంటికి వచ్చే సరుకుకు. మీరు సరుకు తెప్పించి మీ గరాజులో పెట్టుకుని, ఇక్కడి నుంచి ఇక్కడి వాళ్లకు అమ్మితే, ఏ సైటులో అమ్మినా పన్ను బాధ్యత మీదే. ఈ నెల, దాని ముందు 11 నెలలు కలిపి వ్యాపార రాబడి 75,000 డాలర్లకు చేరితే 21 రోజుల్లో జీఎస్టీకి రిజిస్టర్ కావాలి. చూడాల్సింది లాభం కాదు, మొత్తం అమ్మకం. ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇంతవరకే. అతను పిల్లల పట్టు లంగాలు, జాకెట్లు ఊరి నుంచి తెప్పించి శని ఆదివారాలు ఆన్‌లైన్‌లో అమ్మేవాడు. "75 వేలు దాటేదాకా నీకు భయం లేదురా" అన్నాను. అతను రాత్రిళ్లు యాప్‌లో కారు నడుపుతాడన్న సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా రెండూ కలిపి ఆలోచించలేదు.

యాప్ ద్వారా మనుషుల్ని ఎక్కించుకునే డ్రైవర్‌కు 75,000 పరిమితి లేదు. మొదటి డాలరు నుంచే జీఎస్టీ. 2015లో టాక్స్ ఆఫీసు అలా చెప్తే ఉబర్ కోర్టుకెళ్లింది. 2017లో ఫెడరల్ కోర్టు అది టాక్సీ ప్రయాణమేనని తీర్పిచ్చింది. భోజనం డెలివరీ చేసేవాళ్లకు ఈ రూలు లేదు, వాళ్లకు మామూలు పరిమితే. అసలు మెలిక ఏమిటంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ పనికి కాదు, మనిషికి. డ్రైవింగ్ కోసం ఒకసారి రిజిస్టర్ అయ్యాక, అదే మనిషి చేసే చీరల వ్యాపారానికీ మొదటి చీర నుంచే పన్ను పడుతుంది.

అతను అమ్మింది 22,000 డాలర్లు. ధరలో జీఎస్టీ కలిసి ఉన్నట్టే లెక్క కాబట్టి పదకొండో వంతు, అంటే 2,000 డాలర్లు టాక్స్ ఆఫీసుది. కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లి మళ్లీ అడగలేడు. సరుకేమో చిన్న చిన్న పార్సిళ్లలో వచ్చింది, దాని మీద ఇక్కడ పన్ను కట్టిన కాగితం ఒక్కటీ లేదు. కాగితం లేకపోతే తిరిగి తీసుకోవడానికి క్రెడిట్ కూడా లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. "పోన్లే అన్నా, నువ్వు మంచికే చెప్పావు" అన్నాడు. ఆ మాటే నాకు ఎక్కువ బాధ పెట్టింది.

అయితే అతను ఒక మంచి పని చేశాడు. నోటీసు వచ్చేదాకా ఆగకుండా రిజిస్టర్డ్ టాక్స్ ఏజెంటు దగ్గరికి వెళ్లి, తనంతట తానే పాత లెక్కలు సరిచేసుకున్నాడు. మనమే ముందు చెప్తే పెనాల్టీ సాధారణంగా తగ్గుతుంది. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగొచ్చు. దాచిపెడదామనుకుంటే కుదరదు. రైడ్ యాప్‌లు 2023 జూలై నుంచి డ్రైవర్ల రాబడి వివరాలు టాక్స్ ఆఫీసుకు పంపాల్సిందే.

కాబట్టి అమ్మకం మొదలుపెట్టే ముందు చూసుకోండి: సరుకు ఎక్కడి నుంచి బయల్దేరుతోంది, మీ పేరు మీద ఇంకే పని నడుస్తోంది, 12 నెలల మొత్తం ఎంత. జీఎస్టీ కట్టిన ప్రతి కాగితం ఐదేళ్లు దాచండి. సలహా చెప్పేవాళ్లు రిజిస్టర్ అయ్యారో లేదో టాక్స్ ప్రాక్టిషనర్స్ బోర్డు జాబితాలో చూడండి. వ్యాపారం సందేహాలకు టాక్స్ ఆఫీసు నంబరు 13 28 66. ఇంగ్లీషు కష్టమైతే 131 450కి ఫోన్ చేసి దుబాసీని అడగండి, మొహమాటపడకండి.

టీ దగ్గర సలహాలు నేను ఇంకా ఇస్తాను. కాకపోతే ఇప్పుడు ముందు అడుగుతాను: "నువ్వు ఇంకేం పని చేస్తున్నావు తమ్ముడూ?" అని. మీరూ అడగండి. సెలవు.