ఏడక్షరాల 'త్రూ'

ఇంగ్లిషులో యోధుణ్ణి 'నైట్' అంటారు. రాతలో మాత్రం మొదట ఒక 'కె', మధ్యలో 'జి', 'హెచ్' ఉంటాయి. అవి ఊరికే వచ్చి చేరినవి కావు, ఒకప్పుడు పలికినవే. అచ్చుయంత్రం వచ్చాక రాత నిలకడగా ఉండిపోయింది, పలుకు మారిపోయింది. ఆ భారం నేటికీ బడిపిల్లలే మోస్తున్నారు.

అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులతో దీన్ని సరిచేయబూనాడు. 'కలర్'లో 'యూ' తీసేస్తే జనం ఒప్పుకున్నారు. నాలుక అనే అర్థమున్న 'టంగ్'ను పలికినట్టే రాయమంటే ఒప్పుకోలేదు.

పెద్ద ప్రయత్నం 1906లో జరిగింది. ఆండ్రూ కార్నెగీ డబ్బిచ్చి నిలబెట్టిన ఒక మండలి 300 మాటల జాబితా తయారుచేసింది. ఏడక్షరాల 'త్రూ'కు నాలుగు చాలు, ఆరక్షరాల 'దో'కు మూడు చాలు అంది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు అది నచ్చి, ప్రభుత్వ ముద్రణాలయం ఆ రాతనే వాడాలని ఆగస్టులో ఆదేశించాడు. పత్రికలు ఎగతాళి చేశాయి, కాంగ్రెస్ అడ్డం తిరిగింది. డిసెంబరుకల్లా ఆయన వెనక్కి తగ్గాడు. ఆ జాబితాలో చాలా మాటలు అప్పటికే వాడుకలో ఉన్నవే! అంత గొడవ చేయడం అన్యాయమనే నేనంటాను.

షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి 1975 దాకా కొన్ని పొట్టి రాతలు అచ్చువేసింది. ఆ నాలుగక్షరాల 'త్రూ' ఇప్పుడు కారు దిగకుండానే తిండి కొనుక్కునే దుకాణాల బోర్డుల మీద కనిపిస్తుంది.